తండ్రి గాథకు కూతురి కలం
ధవళేశ్వరం చెబుతున్న మరో పాఠం

రాజమహేంద్రవరం దిగువన ధవళేశ్వరం వద్ద గోదావరి నది వేగం తగ్గి, వెడల్పు పెరిగి, గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగే ఆనకట్ట అక్కడ ఆ నీటిని నిలబెట్టి కాలువల్లోకి మళ్లిస్తోంది. సుమారు పది లక్షల ఎకరాల పొలం ఆ నీటితో పచ్చగా ఉంది. మన ఇళ్లలో ఉడికే అన్నంలో ఆ నీటి వాటా ఉంది. ఇది ముందుగా అల్లాహ్ అనుగ్రహం. ఆ తరువాత, ఆ అనుగ్రహానికి సాధనమైన మనుషుల శ్రమ. మానవుల మేలుకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు.

ఆ ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. డెల్టా ప్రజలు ఊరూరా ఆయన విగ్రహాలు నిలుపుకున్నారు. ధవళేశ్వరంలో ఆయన పేరిట మ్యూజియం ఉంది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో ఆరంభమై 1982లో పూర్తయిన బ్యారేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. ఇవన్నీ అందరికీ కనిపించే జ్ఞాపకాలు. అయితే ఆయనకు మరొక జ్ఞాపకం ఉంది. దానిని రాతితో, కంచుతో చేయలేదు. అది ఒక పుస్తకం. దానిని రాసినది ఆయన కుమార్తె. తల్లిదండ్రులను ఎలా గౌరవించాలి, వారి మేలును రాబోయే తరానికి ఎలా అందించాలి అని ఆలోచించే ప్రతి ముస్లిం కుటుంబం ఆ పుస్తకం వెనుక కథను తెలుసుకోవాలి.

తండ్రి రాసిన ముందుమాట, కూతురు రాసిన గ్రంథం

ఎలిజబెత్ కాటన్ 1842లో టాస్మానియాలో జన్మించింది. ఆరోగ్యం దెబ్బతిని విశ్రాంతి కోసం ఆ ద్వీపానికి వెళ్లిన కాటన్ అక్కడే వివాహం చేసుకున్నారు. ఆనకట్ట పనులు మొదలైన నాటికి ఎలిజబెత్ నాలుగైదేళ్ల పసిపాప.

పదవీ విరమణ తరువాత కాటన్ కుటుంబం ఇంగ్లాండులోని డార్కింగ్ పట్టణంలో స్థిరపడింది. అక్కడ కూలిపని చేసేవారు సాయంత్రమయితే సారాయి దుకాణాల పాలవుతుండడం చూసి, వారు కూర్చుని వేడి కాఫీ తాగి మంచి మాటలు వినే ఒక గదిని ఎలిజబెత్ నడిపింది. ఆ అనుభవాలను 1876లో చిన్న పుస్తకంగా ప్రచురించింది. ఆ పుస్తకానికి ముందుమాట రాసినది తండ్రి ఆర్థర్ కాటన్. మహానదులకు అడ్డుకట్టలు కట్టిన వృద్ధ సేనాని, కూలివారికి కాఫీ అందించే కూతురి ప్రయత్నాన్ని చిన్నదిగా చూడలేదు. తన పేరును దానికి అండగా నిలిపాడు. అతని విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని బిడ్డ చేసే మంచిపనికి తండ్రి బాహాటంగా మద్దతు పలకడం ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా మంచిదే. అందులోనూ అది మత్తుపానీయాల నుండి మనుషులను దూరం చేసే పని.

ఎలిజబెత్ 1877లో నౌకాసేనాపతి జేమ్స్ హోప్‌ను వివాహమాడి లేడీ హోప్ అయింది. 1899 జులై 24న కాటన్ తన 96వ ఏట మరణించారు. మరుసటి సంవత్సరమే, 1900లో, లండన్‌లో ఆయన జీవితచరిత్ర వెలువడింది. గ్రంథకర్త స్థానంలో ‘ఆయన కుమార్తె లేడీ హోప్’ అని ఉంది. ఇరవై నాలుగేళ్ల క్రితం కూతురి పుస్తకానికి తండ్రి ముందుమాట రాశాడు. ఇప్పుడు తండ్రి జీవితమే కూతురి పుస్తకమయింది.

ఆమె ఈ పనిని ఒంటరిగా చేయలేదన్నది మనం గమనించవలసిన విషయం. విలియం డిగ్బీ అనే పత్రికా రచయిత ఆమెకు తోడు నిలిచాడు. 1876-78 నాటి ఘోర క్షామంలో మద్రాసు సహాయ సంఘానికి గౌరవ కార్యదర్శిగా పనిచేసి, ఆ క్షామంపై రెండు సంపుటాల గ్రంథం రాసినవాడు ఆయన. క్షామ నివారణను గురించిన అధ్యయనాలను ఆయన ఈ జీవితచరిత్రకు జోడించాడు. తండ్రి మనసు కూతురికి తెలుసు. తండ్రి చేసిన పని విలువను క్షామంలో కళ్లారా చూసినవాడు డిగ్బీ. ఇద్దరి కలాలు కలిస్తేనే ఆ పుస్తకం నిండుగా తయారయింది.

అది కేవలం శోకంతో రాసిన పుస్తకం కూడా కాదు. కాటన్ తన జీవితమంతా ఒకే మాట చెప్పారు: ఈ దేశానికి రైళ్లకంటె ముందు నీళ్లు కావాలి. 1832-33 నాటి మహాక్షామం, 1839లో కోరంగిని ముంచిన తుపాను ఈ ప్రాంతాన్ని ఎంత కుంగదీశాయో ఆయన ఎరుగుదురు. ఆ మాట కోసం ఆయన పాలకులతో వాదించారు. 1878లో, వృద్ధాప్యంలో, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల సంఘం ముందు నిలబడి ప్రశ్నలకు సమాధానాలు చెప్పవలసి వచ్చింది. పుస్తకం వెలువడిన 1900లో భారతదేశం మళ్లీ కరువు కోరల్లో ఉంది. అంటే, తండ్రి బ్రతికి ఉంటే చెప్పి ఉండే మాటను, చెప్పవలసిన సమయంలో, కూతురు చెప్పింది. తండ్రిని గౌరవించడమంటే ఆయనను పొగడటంతో ముగిసేది కాదు. ఆయన ఆశయం ఆయనతోపాటు సమాధిలోకి పోకుండా కాపాడటం కూడా.

మన సంప్రదాయంలో ఈ పని కొత్తది కాదు

ఒక ఆంగ్లేయ వనిత కథను మన పత్రికలో ఎందుకు చెప్పాలని కొందరు పాఠకులు అడగవచ్చు. తెలివైన మాట ఎక్కడ దొరికినా విశ్వాసి దానిని స్వీకరిస్తాడు. పైగా మన చరిత్రలో ఇంతకంటె గొప్ప ఉదాహరణలే ఉన్నాయి. మనం వాటిని మరచిపోయాము.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) గారి తల్లి మరణించినప్పుడు, ఆమె తరఫున ఏ దానం ఉత్తమమని ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. నీరు అని సమాధానం వచ్చింది. ఆయన బావి తవ్వించి దానిని తన తల్లి పేరిట అంకితం చేశారు. అబూ దావూద్ సంకలనంలో ఈ ఉదంతం ఉంది. ధవళేశ్వరం నీటిని తాగుతున్న మనకు ఈ హదీసు అర్థం వివరించనవసరం లేదు.

మరొక ఉదాహరణ గ్రంథ రూపంలోనే ఉంది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి ఆయనను పెంచి, విద్యామార్గంలో నిలబెట్టింది. ఆయన జీవితకాలపు శ్రమ ‘ముస్నద్’ అనే బృహత్ హదీసు సంకలనం. దానిని ఆయన తన కుమారులకు, సోదర వరుస బంధువుకు చదివి వినిపించారు. హిజ్రీ 241లో ఆయన మరణించారు. ఆ తరువాత ఆ గ్రంథాన్ని లోకానికి అందించినవారు ఆయన కుమారుడు అబ్దుల్లాహ్. నేడు మదరసాలలో మనం చదివే ముస్నద్ ఆ కుమారుని ద్వారా, ఆయన శిష్యుని ద్వారా మనకు చేరినదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అబ్దుల్లాహ్ తాను ఇతర గురువుల వద్ద విన్న హదీసులను కూడా ఆ గ్రంథంలో చేర్చారు. కాని తండ్రి వద్ద విన్నది ఏదో, ఇతరుల వద్ద విన్నది ఏదో ప్రతి చోటా స్పష్టంగా చెప్పారు. తన మాటను తండ్రి నోట పెట్టలేదు. తండ్రి పట్ల ప్రేమ ఎంత ఉన్నా, సత్యం పట్ల బాధ్యత దానికి లోబడలేదు. నిజానికి ఆ బాధ్యతే ఆయన తన తండ్రికి చేసిన గొప్ప గౌరవం.

మిత్రుల వద్ద మిగిలిన తండ్రి

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకసారి మక్కా మార్గంలో ప్రయాణిస్తుండగా ఒక ఎడారివాసి ఎదురయ్యాడు. ఆయన అతనికి సలాం చేసి, తన వాహనమైన గాడిదను అతనికిచ్చి, తలపాగా కూడా తీసి ఇచ్చారు. ఎడారివాసులు కొద్దిపాటితోనే సంతృప్తి చెందుతారు కదా, ఇంత ఎందుకని తోటివారు ఆశ్చర్యపోయారు. ఈయన తండ్రి నా తండ్రి ఉమర్ గారికి మిత్రుడు అని ఆయన సమాధానమిచ్చారు. తండ్రి మిత్రులతో సంబంధాన్ని నిలుపుకోవడం సద్వర్తనలో అత్యున్నతమైనదని దైవప్రవక్త (సఅసం) నోట తాను విన్నానని చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును నేను ఎన్నో సంవత్సరాలుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. కాని దాని లోతు నాకు నా తండ్రిగారి మరణం తరువాతనే తెలిసింది.

నా తండ్రిగారు దర్జీ. మాటలు తక్కువ. ఆయన మరణించిన మూడవ రోజున ఒక వృద్ధ హిందూ మిత్రుడు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నాతో ఇలా అన్నాడు. “బాబూ, మీ నాన్న ఈ మాట నీకు చెప్పవద్దన్నాడు. ఇప్పుడు చెప్పకపోతే నాకు దోషం. నువ్వు పెద్ద చదువుకు దూరదేశం వెళ్లిన ఏడు, నీ పుస్తకాలకూ రైలు ఖర్చుకూ కుట్టుమిషను తెచ్చి నా ఇంట పెట్టి డబ్బు పట్టుకెళ్లాడు. సంక్రాంతి రోజులు. దర్జీకి నాలుగు డబ్బులు వచ్చేది అప్పుడే కదా. ఆ పండగంతా వేరేవాళ్ల దుకాణంలో కూలికి కుట్టాడు. వడ్డీ నేను అడగలేదు. బాకీ మాత్రం పైసాతో సహా తీర్చి మిషను తీసుకెళ్లాడు.”

నేను ముప్ఫై ఏళ్లుగా అరబీ గ్రంథాలు చదువుతున్నాను. అవి ఏ మిషను మీద వచ్చాయో నాకు తెలియదు. ఇంకా అడగవలసినవి ఎన్నో ఉన్నాయనుకున్నాను. పని ఒత్తిడిలో కొన్ని నెలలు గడిచాయి. తీరిక చేసుకుని వెళ్లేసరికి ఆ పెద్దాయన కూడా లేరు. నా తండ్రి జీవితంలో ఎంత భాగం ఆయనతో పోయిందో ఇక నాకు ఎన్నటికీ తెలియదు. తల్లిదండ్రులు తమ త్యాగాలను బిడ్డలకు చెప్పరు. మిత్రులకు చెబుతారు, లేదా మిత్రులు చూస్తారు. అందుకే తండ్రి మిత్రుని గౌరవించమన్న ఆదేశంలో, తండ్రిని ఇంకా తెలుసుకోమన్న ఆదేశం కూడా ఇమిడి ఉందని నాకు అనిపిస్తుంది.

ప్రేమ హద్దు దాటరాదు

లేడీ హోప్ జీవితంలోనే మరొక హెచ్చరిక కూడా ఉంది. దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. 1915లో అమెరికాలోని ఒక క్రైస్తవ వారపత్రికలో ఆమె పేరుతో ఒక కథనం వచ్చింది. ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తాను ఆయనను కలిశానని, ఆయన తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడినట్లు మాట్లాడారని దాని సారాంశం. డార్విన్ మరణించినది 1882లో. తండ్రి మరణశయ్య పక్కన ఉన్న ఆయన కుమార్తె ఈ కథనాన్ని బహిరంగంగా ఖండించింది. తండ్రి చివరి జబ్బులో లేడీ హోప్ ఆయన దగ్గర లేనే లేదని చెప్పింది. చరిత్రకారులు కూడా ఆ పశ్చాత్తాపం కథను అంగీకరించరు. అయినా తమ మతానికి మేలు చేస్తుందనుకొని చాలామంది దానిని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మనలోనూ కొందరు సంతోషంగా చెబుతుంటారు.

హదీసు శాస్త్రం చదివినవారికి ఈ తేడా తేలికగానే అర్థమవుతుంది. తండ్రి జీవితచరిత్రకు ఆయన రాసిన నివేదికలు, ఉత్తరాలు ఆధారం. మరొక రచయిత సాక్ష్యం తోడు. నది మీద ఆనకట్ట ఎదురుగా ఉంది. రెండవ కథనానికి ఒక్కరి మాట తప్ప వేరే ఆధారం లేదు. వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోవాలని హుజురాత్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. మన అమ్మానాన్నల గురించి రాసేటప్పుడు కూడా ఈ ఆదేశం వర్తిస్తుంది. మంచి ఉద్దేశంతో చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. లేని గొప్పలు కల్పిస్తే, ఉన్న గొప్పను కూడా లోకం నమ్మదు.

మన ఇళ్లలో ఈ పని ఎలా?

మన ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఒక మౌనమైన నష్టం జరుగుతోంది. తాతలు ఉర్దూలో ఉత్తరాలు, లెక్కలు రాసుకున్నారు. మనవలు తెలుగులోను, ఇంగ్లీషులోను చదువుకుంటున్నారు. ఇంట్లో ఇనుప పెట్టెలో ఉన్న కాగితాన్ని ఇంట్లోవారే చదవలేని స్థితి. ఇలాంటి చోట ఒక్కరి వల్ల పని కాదు. ఉర్దూ చదవగలిగిన మిత్రుడు ఒకరు, తెలుగు చక్కగా రాయగలిగినవారు ఒకరు, అందమైన దస్తూరీ గలవారు ఒకరు, బంధువుల ఇళ్లకు ఓపికగా తిరగగలిగినవారు ఒకరు కలిస్తే ఒక రంజాన్ నుండి మరో రంజాన్ లోపల ఒక చక్కని పుస్తకం తయారవుతుంది. అది అచ్చు కానవసరం లేదు. నూరు పేజీల నోటు పుస్తకమైనా చాలు. మిత్రుని తల్లి కోసం మీరు, మీ తండ్రి కోసం మీ మిత్రుడు శ్రమించడం వల్ల స్నేహం కూడా ఆరాధనగా మారుతుంది.

ఈ పనికి పూనుకునేవారికి కొన్ని సూచనలు:

మొదటిది, తల్లిదండ్రులు జీవించి ఉండగానే మొదలుపెట్టండి. వారి అనుమతి అడగండి. వారు వద్దన్న విషయాన్ని రాయకండి. వారి ఎదుట కూర్చుని వారి బాల్యం గురించి అడగడమే వారికి ఒక ఊరట. పుస్తకం పూర్తి కాకపోయినా ఆ కూర్చున్న గడియలు వృథా కావు.

రెండవది, తల్లిని మరవకండి. మన పెద్దల చరిత్రల్లో తండ్రులు, తాతలు ఉంటారు. వంటింట్లో, కుట్టుపనిలో, బిడ్డల చదువులో జీవితం ధారపోసిన స్త్రీల పేర్లు కూడా దొరకవు. ఎవరి సాహచర్యానికి ఎక్కువ హక్కు ఉందని అడిగినవానికి దైవప్రవక్త (సఅసం) మూడు సార్లు తల్లిని పేర్కొని, నాల్గవసారి తండ్రిని పేర్కొన్నారు. తల్లి కథను సేకరించే బాధ్యత కుమార్తెలు, వారి స్నేహితురాళ్లు తీసుకుంటే మంచిది. తల్లి స్నేహితురాళ్లు వారితో మనసు విప్పి మాట్లాడతారు.

మూడవది, ప్రతి విషయం కింద అది ఎవరు చెప్పారో రాయండి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ రాయండి. మీ అభిప్రాయాన్ని వేరుగా రాయండి. ముస్నద్ మనకు నేర్పిన పద్ధతి ఇదే.

నాల్గవది, లోపాలను వీధిన పెట్టకండి. అల్లాహ్ కప్పి ఉంచిన దానిని కప్పి ఉంచడం మన ధర్మం. మౌనంగా ఉండవచ్చును కాని అసత్యం చెప్పరాదు. ఈ రెండింటి మధ్య దారి విశాలంగానే ఉంది.

ఐదవది, పుస్తకానికి ముందు బాకీలు. మరణించినవారి అప్పులు తీర్చకుండా, వారి వాగ్దానాలు నెరవేర్చకుండా, వారసత్వంలో సోదరీమణుల వాటా ఇవ్వకుండా రాసిన స్మారక గ్రంథం ఎంత అందంగా ఉన్నా దానికి శుభం లేదు. పెద్దల మిత్రులను విచారిస్తున్నప్పుడు తెలియని బాకీ ఏదైనా బయటపడితే, ఆ ఒక్క సంగతి కోసమైనా ఈ శ్రమ సార్థకం.

చివరిది, సంకల్ప శుద్ధి. ఇది వంశ గౌరవం చాటుకోవడానికి కాదు. గొప్ప సభ, దండలు, ఖర్చు ఏవీ అవసరం లేదు. ఆ డబ్బు మిగిలితే తల్లి పేరిట ఒక చేతిపంపు, తండ్రి పేరిట ఒక పేద విద్యార్థి చదువు. మనిషి మరణించాక ఆగిపోని మూడు కర్మలుగా దైవప్రవక్త (సఅసం) శాశ్వత దానాన్ని, ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దుఆ చేసే సంతానాన్ని పేర్కొన్నారు. శ్రద్ధగా చేస్తే ఈ ఒక్క పనిలో ఆ మూడింటికీ చోటు ఉంది.

ధవళేశ్వరంలో మళ్లించిన నీరు చిన్న కాలువల గుండా, ఆ పొలానికి ఈ పేరు అని అడగకుండా అందరికీ చేరుతుంది. తల్లిదండ్రుల మేలు కూడా అలాంటిదే. వారు దానిని మన వరకు తెచ్చారు. ఇక అది మన వద్ద ఆగిపోకూడదు. ఈ మాసపత్రికను పక్కన పెట్టిన తరువాత, మీ తండ్రిగారి మిత్రులలో జీవించి ఉన్నవారు ఎవరో ఒకసారి గుర్తుచేసుకోండి. మీ తల్లిగారి చిన్ననాటి స్నేహితురాలు ఏ ఊరిలో ఉందో అడిగి తెలుసుకోండి. ఈ శుక్రవారం నమాజు తరువాత వారిలో ఒకరి ఇంటికి వెళ్లి సలాం చేయండి, నమస్కరించండి. కూర్చోండి. నాలాగా ఆలస్యం చేయకండి.

బాల్యంలో మమ్మల్ని కరుణతో పెంచినవారిపై కరుణ చూపమని వేడుకునే దుఆను బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ స్వయంగా మనకు నేర్పాడు. ఆ దుఆ మన నాలుకలపై ఎల్లప్పుడూ ఉండుగాక. మన తల్లిదండ్రుల సత్కార్యాలను మన ద్వారా కొనసాగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.